ఓడిన రోజున తెలిసే దీనమనస్సు

దీనమనస్సును గురించి మనం వినని ప్రసంగం లేదు. దాని కోసం ప్రార్థిస్తాం, దాని మీద పాటలు పాడతాం, ఎదుటివారిలో అది లేదని కనిపెట్టడంలో కూడా మనమే ముందుంటాం. అయితే ఒక విశ్వాసిలో అది నిజంగా ఉందో లేదో ప్రార్థనలో తెలియదు. తాను కోరుకున్న కుర్చీ మరొకరికి దక్కిన రోజున తెలుస్తుంది. తాను కూర్చున్న కుర్చీని ఖాళీ చేయవలసిన రోజున ఇంకా బాగా తెలుస్తుంది.

ఈ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం ఉంది. సంఘాల పేర్లు పత్రికల్లో భక్తి పేజీతోపాటు కోర్టు వార్తల్లోనూ కనిపిస్తున్న కాలమిది. దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం సీఎస్ఐ అని పిలుచుకునే సంఘం, తన సినాడ్‌కు 2023 జనవరిలో జరుపుకున్న ఎన్నికల వివాదం మద్రాసు హైకోర్టుకు చేరింది. ఎన్నికలు జరిపించడానికి 2024 ఏప్రిల్‌లో హైకోర్టు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించింది. ఆ తర్వాత వివాదం సుప్రీంకోర్టు మెట్లు కూడా ఎక్కింది. ఎవరి వాదన సరైనదో తేల్చడం న్యాయస్థానాల పని, ఈ శీర్షిక పని కాదు. మనల్ని కలవరపెట్టవలసిన విషయం వేరే ఉంది. సమాధాన సువార్తను లోకానికి ప్రకటించే సంఘం, తన ఇంట్లో ఒక ఎన్నిక జరుపుకోవడానికి బయటివారి సాయం అవసరమయ్యే స్థితికి ఎలా వచ్చింది?

ఇది ఒక్క సీఎస్ఐకి అంటగట్టి మిగిలినవారు చేతులు కడుక్కునే సంగతి కాదు. సొసైటీగా రిజిస్టరైన సంఘాల్లో కార్యదర్శి, కోశాధికారి పదవుల కోసం ప్యానెళ్ళు నిలబడటం, కులం లెక్కలు వేసుకోవడం, రాత్రిళ్ళు ఓటర్ల ఇళ్ళకు తిరగడం మనకు తెలియనివి కావు. ఎన్నికలే లేని స్వతంత్ర సంఘాల్లో మరో రూపం. అక్కడ ఫ్లెక్సీ మీద వాక్యం కంటే పాస్టరుగారి ఫొటో పెద్దదిగా ఉంటుంది. సంఘం ఆస్తి ఒకే కుటుంబం పేరు మీద ఉంటుంది. తండ్రి తర్వాత కుమారుడే అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. రూపాలు వేరైనా వేరు ఒక్కటే. దానికి పౌలు ఒక పేరు పెట్టాడు.

ఫిలిప్పీలో వినబడిన మాట

ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం మూడో వచనంలో, విశ్వాసులు ఏ పనినైనా ఏ ఉద్దేశంతో చేయకూడదో చెబుతూ పౌలు రెండు మాటలు వాడాడు. మన తెలుగు బైబిలులో అవి ‘కక్ష’, ‘వృథాతిశయం’. ఇందులో మొదటిదానికి గ్రీకులో ఉన్న మాట ‘ఎరితేయా’. కూలికి పనిచేసే మనిషిని సూచించే మాట నుంచి అది పుట్టింది. పౌలుకు దాదాపు నాలుగు వందల ఏళ్ళ ముందు అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో ఇదే మాటను పదవి కోసం వర్గాలు కట్టి, లోపాయికారీగా మద్దతు కూడగట్టే పద్ధతికి వాడాడు. హెరయా అనే చిన్న గ్రీకు పట్టణం సంగతి కూడా ఆయన చెప్పాడు. అక్కడ ఎన్నికల్లో ఇలా తిరిగేవారే గెలుస్తున్నారని, ప్రజలు విసిగిపోయి ఎన్నిక మానేసి చీట్లు వేసి అధికారులను నియమించుకున్నారట.

అంటే ‘కక్ష’ అని మనం చదువుకునే చోట ఉన్న మాటకు, గ్రీకువారి నోట, ఎన్నికల వాసన కూడా ఉంది. పగతో పళ్ళు నూరేవాడు మాత్రమే కాదు, చిరునవ్వుతో చేతులు కలుపుతూ తన ప్యానెల్‌కు ఓట్లు లెక్కపెట్టుకునేవాడు కూడా ఆ మాట కిందికి వస్తాడు. అదే పత్రిక మొదటి అధ్యాయంలో మరీ గట్టి మాట ఉంది. తాను సంకెళ్ళలో ఉండగా కొందరు క్రీస్తును ప్రకటిస్తున్నారనీ, వారి ఉద్దేశం మాత్రం ఇదేననీ పౌలు రాశాడు. ప్రకటించేది క్రీస్తునే, పెంచుకునేది తమనే. ప్రసంగం సత్యమైనంత మాత్రాన ప్రసంగికుడి మనస్సు దీనమైనదని అనుకోవడానికి లేదు.

ఈ మాట ఫిలిప్పీవారికి రాయడంలోనూ అర్థముంది. ఫిలిప్పీ రోమా వలస పట్టణం. క్రీస్తుకు పూర్వం 42లో ఆ ఊరి దగ్గర జరిగిన పెద్ద యుద్ధం తర్వాత రోమా సైనికులు అక్కడ స్థిరపడ్డారు. పౌరసత్వం, బిరుదులు, చేసిన పదవుల వరుస వారికి ప్రాణం. తాము నిర్వహించిన పదవులన్నీ వరసగా రాతి మీద చెక్కించుకోవడం అక్కడి పెద్దలకు అలవాటు. మన ఊళ్ళలో శిలాఫలకాల మోజు కొత్తదేమీ కాదన్నమాట. అలాంటి ఊరివారికి పౌలు ఒక జాబితా రాశాడు. అది ఎక్కిన మెట్లది కాదు, దిగిన మెట్లది. దేవునితో సమానుడైనవాడు ఆ స్థానాన్ని పట్టుకుని వేలాడలేదు. తనను ఖాళీ చేసుకున్నాడు, దాసుడయ్యాడు, మనిషిగా పుట్టాడు, చావు దాకా లోబడ్డాడు, అదీ సిలువ చావు దాకా. దేవుడు ఆయనను హెచ్చించింది ఆ తర్వాతే.

గమనించవలసింది ఏమిటంటే, గ్రీకు లోకంలో ‘తగ్గినవాడు’ అన్నది పొగడ్త కాదు. అది బానిసకు, దిక్కులేనివాడికి వాడే మాట. దానిని మంచి గుణాల జాబితాలోకి తెచ్చి నిలబెట్టింది సిలువ.

ఓడిపోయిన యోసేపు

ఆదిసంఘంలో జరిగిన మొదటి నియామకాన్ని ఒకసారి చూద్దాం. ఇస్కరియోతు యూదా స్థానం ఖాళీ అయింది. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం ప్రకారం ఇద్దరి పేర్లు ముందుకు వచ్చాయి. ఒకరు మత్తీయ. మరొకరు బర్సబ్బా అనబడిన యోసేపు, ఆయనకే యూస్తు అన్న మారుపేరు. ఇద్దరూ యోహాను బాప్తిస్మం నాటి నుంచి ప్రభువు ఆరోహణం దాకా శిష్యులతో కలిసి తిరిగినవారే. అనుభవంలో తేడా లేదు, అర్హతలో తేడా లేదు. ప్రార్థన చేసి చీట్లు వేశారు. మత్తీయ పేరు వచ్చింది.

మనం ఎప్పుడూ మత్తీయను గురించే మాట్లాడుకుంటాం. యోసేపు ఆ రాత్రి ఇంటికి ఎలా వెళ్ళి ఉంటాడు? ఒక్క చీటీ తేడాతో పన్నెండుగురిలో ఒకడు కాకుండా పోయాడు. ఆయన అభ్యంతరం చెప్పినట్టు లేదు, తన వారిని వెంటేసుకుని వేరే మేడగదిలో కూడుకున్నట్టు లేదు. తర్వాతి అధ్యాయం తెరిస్తే, పెంతెకొస్తు దినాన అందరూ ఒకచోట కూడి ఉన్నారని ఉంది. ఓడినవాడు సంఘాన్ని చీల్చి ఉంటే ఆ వాక్యం అలా ఉండేది కాదు. పెంతెకొస్తుకు ముందు గదిలో కూడిన ఐక్యతలో, చీటీ రాని యోసేపు పాలు కూడా ఉంది. ఆ తర్వాత లేఖనాల్లో ఆయన పేరు మళ్ళీ రాదు. పేరు రాకపోవడాన్ని మనం ఓటమి అనుకుంటాం. పరలోకం అలా అనుకుంటుందని చెప్పే వాక్యం మాత్రం లేదు.

పెద్ద కుర్చీ దిగిన ఒక సండే స్కూలు టీచరు

ఇది పాతకాలపు భక్తుల సంగతి, ఈ రోజుల్లో సాధ్యమా అని ఎవరైనా అడగవచ్చు. 2024 డిసెంబరు 29న, నూరేళ్ళ వయసులో కన్నుమూసిన అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ జీవితం ఆ ప్రశ్నకు ఒక జవాబు. ఆయన బాప్టిస్టు విశ్వాసి. జార్జియా రాష్ట్రంలో ప్లెయిన్స్ అనే చిన్న ఊరిలో వేరుశనగ రైతు.

ఆయనలో పదవీకాంక్ష లేదని చెబితే అబద్ధమవుతుంది. 1966లో గవర్నరు పదవికి పోటీ చేసి, సొంత పార్టీ అభ్యర్థిత్వం కూడా దక్కక ఓడిపోయారు. ఆ ఓటమి ఆయనను బాగా కుంగదీసింది. దాని తర్వాతే తన విశ్వాసం లోతుపడిందని, తిరిగి జన్మించిన అనుభవం కలిగిందని ఆయన సాక్ష్యం చెప్పేవారు. సువార్త పనిమీద వేరే రాష్ట్రాలకు వెళ్ళి ఇంటింటి తలుపు కూడా తట్టారు. అయినా 1970లో మళ్ళీ పోటీ చేసినప్పుడు, నల్లవారిని వేరుగా ఉంచాలనే తెల్లవారి ఓట్లను రాబట్టుకునే విధంగా ప్రచారం చేశారు. గెలిచి 1971 జనవరిలో ప్రమాణం చేసిన రోజున మాత్రం, జాతివివక్షకు కాలం చెల్లిందని అదే వేదిక మీద ప్రకటించారు. మారుమనస్సు పొందిన మనిషిలో కూడా ఆశ ఎంత మొండిగా ఉంటుందో, కృప దానిని ఎలా వంచుతుందో చూడటానికి ఈ నాలుగైదు సంవత్సరాలు చాలు.

1976లో అధ్యక్షుడిగా గెలిచారు. 1980లో ఓడిపోయారు. మామూలు ఓటమి కాదు, 50 రాష్ట్రాల్లో 44 రాష్ట్రాలు ప్రత్యర్థి రేగన్‌కు వెళ్ళాయి. ఇరాన్‌లో 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలుగా ఉన్నారు. కార్టర్ తన పదవిలోని చివరి గంటల దాకా వారి విడుదల కోసం నిద్ర మానుకుని పనిచేశారు. వారు విడుదలైంది మాత్రం 1981 జనవరి 20న, రేగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకే. పంట ఒకరిది, కోత మరొకరిది అయింది.

ఊరికి తిరిగి వచ్చేసరికి వ్యాపారం అప్పుల్లో ఉంది. పదవి పోయిన పెద్దమనుషులు ఏం చేస్తారో మనకు తెలుసు. కార్టర్ తన ఊరి మరనాత బాప్టిస్టు చర్చిలో సండే స్కూలు పాఠం చెప్పడం మొదలుపెట్టారు. 2019 దాకా, అంటే 95 ఏళ్ళ వయసు దాకా చెప్పారు. ఆ చర్చి ఆవరణలో గడ్డి కోశారు. 1984లో, పేదలకు ఇళ్ళు కట్టే హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థతో కలిసి బస్సులో న్యూయార్క్ వెళ్ళి, పాడుబడ్డ భవనాన్ని 19 కుటుంబాలకు ఇళ్ళుగా మార్చే పనిలో సుత్తి పట్టుకున్నారు. 2006లో మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని లోనావ్లా దగ్గర కూడా ఆ సుత్తి పట్టుకున్నారు. 2019 అక్టోబరులో ఇంట్లో పడి నుదుటికి 14 కుట్లు పడితే, మర్నాడే ఆ కమిలిన కన్నుతో ఇళ్ళు కట్టే చోటికి వెళ్ళారు.

నారికురుపు అనే మాట తెలిసిన పెద్దలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. దిగుడుబావుల నీళ్ళు తాగినవారి కాలిలో నుంచి, దాదాపు ఏడాది తర్వాత, మూరెడు పొడవునో అంతకంటే ఎక్కువో ఉండే పురుగు బయటికి వచ్చేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా దాని బారిన పడ్డ రాష్ట్రాల్లో ఒకటి. మన దేశం తన సొంత కార్యక్రమంతో దానిని తరిమేసి, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ పొందింది. దానికి మందు లేదు, టీకా లేదు. నీటిని గుడ్డతో వడకట్టుకోమని, పుండు ఉన్న కాలు చెరువులో పెట్టవద్దని ఇంటింటికీ తిరిగి చెప్పడమే మార్గం. ఇలాంటి పనికి పేరు రాదు. 1986లో ప్రపంచంలో దాదాపు 35 లక్షల మంది దాని బాధితులున్నప్పుడు కార్టర్ స్థాపించిన సంస్థ ఆ పనికి పూనుకుంది. 2023లో మనుషుల్లో ఆ జబ్బు 14 మందికే కనిపించింది. ప్రభుత్వాలతో, అనేక సంస్థలతో, ఊరూరా పనిచేసిన పేరు తెలియని కార్యకర్తలతో కలిసి సాధించిన ఫలితమిది.

ఆయనను విమర్శించినవారూ ఉన్నారు. 1994లో ఉత్తర కొరియా వెళ్ళినప్పుడు, పదవి లేకపోయినా పదవి ఉన్నట్టు ప్రవర్తిస్తున్నారన్న మాట పడ్డారు. మనం ఆయనను పరిశుద్ధుడిగా నిలబెట్టడం లేదు. ఆశ చచ్చిపోలేదు, దాని దిక్కు మారింది అంటున్నాం. దీనమనస్సు అంటే ఏ పనీ తలపెట్టకపోవడం కాదు. తలపెట్టిన పని తన పేరు కోసమా, పొరుగువాడి మేలు కోసమా అన్నదే ప్రశ్న.

ఎవరికి చెప్పవలసిన ప్రసంగం?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన సంఘాల్లో దీనమనస్సు ప్రసంగం చాలాసార్లు కిందికే ప్రయాణిస్తుంది. పైన కూర్చున్నవారు కింద నిలబడ్డవారికి ‘తగ్గించుకోండి’ అని చెబుతారు. లెక్కలు అడిగిన విశ్వాసికి, జీతం రాని ఉపదేశకుడికి, మాట్లాడబోయిన స్త్రీకి ఆ వాక్యం చూపిస్తారు. తెలుగు సంఘాల్లో అధిక భాగం, తరతరాలుగా ఊరి చివర నిలబెట్టబడిన ప్రజలతో కట్టబడినవి. వారిని లోకం బలవంతంగా తగ్గించింది. అది దీనమనస్సు కాదు, అవమానం. ఫిలిప్పీ రెండో అధ్యాయం తగ్గించబడినవాడి గురించి కాదు, తనను తాను తగ్గించుకున్నవాడి గురించి చెబుతుంది. వదులుకోవడానికి చేతిలో ఏదైనా ఉన్నవాడికే ఆ ప్రసంగం మొదట చెందుతుంది.

ఆ ఫిలిప్పీలోనే పౌలును, సీలను విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి చెరలో వేశారు. మర్నాడు అధికారులు గుట్టుగా పంపించి వేయాలని చూస్తే పౌలు ఒప్పుకోలేదు. రోమా పౌరులను బహిరంగంగా కొట్టినవారు తామే స్వయంగా వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. అతడు తన గౌరవం కోసం ఆ పట్టు పట్టాడని అనుకోనక్కర్లేదు. ఆ ఊరిలో మిగిలిపోయే లూదియకు, చెరసాల అధిపతికి, వారితో పుట్టిన చిన్న సంఘానికి అది రక్షణ. కాబట్టి సంఘం సొమ్ముకు లెక్క అడగడం గర్వం కాదు. అన్యాయాన్ని అన్యాయమనడం కక్ష కాదు. కోర్టుకు వెళ్ళిన ప్రతివారూ పదవి కోసమే వెళ్ళారనడం కూడా న్యాయం కాదు. తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రశ్న ఉంది. నేను అడుగుతున్నది దక్కితే మేలు జరిగేది ఎవరికి?

దోర్నకల్ జ్ఞాపకం

సీఎస్ఐ ఎలా పుట్టిందో గుర్తుచేసుకుంటే, మన కళ్ళముందు ఉన్నది ఎంత విచారకరమో అర్థమవుతుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాల సంఘాలు తమ తమ పేర్లు పక్కన పెట్టి ఒక్కటయ్యాయి. దాని కోసం 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాటుపడినవారిలో ముఖ్యుడు మన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి, తనది కాని తెలుగు భాషలో పరిచర్య చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1910 ఎడింబరో మహాసభలో, మీ త్యాగం మాకు తెలుసు, మీ స్నేహం కూడా మాకు కావాలని తెల్ల మిషనరీల ఎదుట ధైర్యంగా అడిగిన మనిషి కూడా ఆయనే. తగ్గింపుకు, ధైర్యానికి విరోధం లేదని ఆయన జీవితమే చెబుతుంది.

అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లో మరణించారు. ఐక్యత నెరవేరింది దానికి రెండేళ్ళ తొమ్మిది నెలల తర్వాత. ఆ రోజు జరిగిన ఆరాధనలో ఆయన లేరు. పావు శతాబ్దం మోసిన భారం గమ్యం చేరినప్పుడు మోసినవాడు లేడు. ఆయన పేరు లేకుండా సంఘం పుట్టింది, కానీ ఆయన లేకుండా పుట్టి ఉండేదని చెప్పలేం. అలాంటి త్యాగం మీద నిలబడిన సంఘంలో, ఒక పదవీకాలం కోసం సోదరుడిపై సోదరుడు అఫిడవిట్లు వేసుకోవలసి రావడం మన తరానికి తలవంపు.

మనం ఏం చేయగలం?

మంచి నియమావళి అవసరమే. పదవీకాలానికి పరిమితి, లెక్కల తనిఖీ, నిష్పక్షపాతమైన ఎన్నికల అధికారి, ఇవన్నీ ఉండాలి. కానీ హెరయా పట్టణం చీట్లకు మారినా ఆశ మనుషుల్లోంచి పోదు. నియమాలు ఆశను అదుపు చేస్తాయి, మనస్సును మార్చవు. మనస్సు మారడానికి చిన్న చిన్న పనులు అలవాటు కావాలి.

పదవి దిగిపోయిన కార్యదర్శి, తర్వాతి ఆదివారం అదే సంఘంలో చాపలు పరచడానికి, బల్లలు సర్దడానికి రావాలి. గెలిచినవారు మొదట ఓడినవారి ఇంటికి వెళ్ళి, వారు చేయాలనుకున్న మంచి పని ఏమిటో అడిగి, దానిని తమ పనిగా చేపట్టాలి. కొత్తగా కట్టే మందిరం ఫలకం మీద కమిటీ సభ్యుల పేర్లకు బదులు కట్టించిన సంవత్సరం మాత్రమే రాయించుకోవచ్చు. కాపరులు సంవత్సరంలో కొన్ని ఆదివారాలు ప్రసంగ వేదికను యువకులకు అప్పగించి, వెనక వరసలో కూర్చుని వినవచ్చు. ఓటు అడగడానికి వచ్చిన పెద్దను, ‘అన్నా, ఓడిపోతే మన సంఘంలో ఏ పని చేస్తావు?’ అని మనమూ అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు లేనివారికి ఓటు వేయవలసిన అవసరం లేదు.

ప్రభువు తన శిష్యులతో చివరి భోజనానికి కూర్చున్న రాత్రి కూడా, తమలో గొప్పవాడు ఎవరన్న వివాదం అక్కడ పుట్టిందని లూకా రాశాడు. రొట్టె విరుస్తున్న బల్ల దగ్గరే ఆ మాట వచ్చింది. ప్రభువు వారిని బల్ల నుంచి లేపి పంపించి వేయలేదు. తాను వారి మధ్య వడ్డించేవాడిలా ఉన్నానన్నాడు. అదే రాత్రి ఆయన తువాలు కట్టుకుని వారి పాదాలు కడిగాడని యోహాను చెబుతున్నాడు. వచ్చే ఆదివారం మనం కూడా ఆ బల్ల దగ్గరికే వెళ్తాం. మన పక్కన మోకరించేవారిలో మనల్ని ఓడించినవారు ఉండవచ్చు, మన చేతిలో ఓడినవారూ ఉండవచ్చు. రొట్టె అందుకునే ముందు వారితో ఒక మాట మాట్లాడగలిగితే, ఫిలిప్పీ రెండో అధ్యాయం మన సంఘంలో మొదలైనట్టే.